అర గోలీ పాలు

మా పిల్లి పక్కింటి మేడ మీది పావురాల గూటికి వెళ్లి వస్తుండేది. అది మర్యాదపూర్వక సందర్శనే అని మా అమ్మ వాదన. పావురాల యజమాని అయిన పక్కింటి భాయ్ అభిప్రాయం వేరు. ఒకరోజు పొద్దున అది గూటి రేకు అంచున జారి, మేడ మీద నుంచి మా పెరట్లో పడింది. వెనక కాలు తొడ దగ్గర బెత్తెడు చీరుకుపోయింది.

భాయ్ ఆటో నడుపుతాడు. గోడ మీద నుంచి చూసి, వచ్చి తలుపు కొట్టాడు.

"దీన్ని నేనే సంపుదామనుకున్న అమ్మా, కసమ్‌సే. ఇప్పుడు నా ఆటోల్నే దవాఖానకు తీస్కపోవాలె. కిస్మత్ చూడు."

మాదన్నపేట మార్కెట్‌కు కూరగాయల కోసం తీసుకెళ్లే ప్లాస్టిక్ బుట్టలో పిల్లిని పెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి, పాత చీర పేలికతో కట్టాం. పిల్లి తన అభ్యంతరాన్ని నా ముంజేతి మీద నాలుగు గీతల్లో నమోదు చేసింది.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గరి పశువుల డాక్టరు గుంటూరు వైపు మనిషి. చాలా మెల్లగా మాట్లాడతాడు. గేదెల దగ్గర అలవాటైందట. గాయం చూసి కుట్లు పడతాయన్నాడు. తర్వాత అడిగాడు.

"ఇంట్లో ఏవన్నా మందేశారాండి?"

"పసుపు పెట్టిన," అంది అమ్మ.

"అది సరేనండి. లోపలికి? మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ బిళ్లలాంటిది? పిల్లికది విషమండి. సగం చాలు, ప్రాణం పోడానికి."

మా ఇంట్లో ఆ గోలీ హోదా గురించి చెప్పాలి. తలనొప్పికి అదే, బెణుకుకు అదే, నా ఇంటర్ ఫలితాల రోజు ఇంటిల్లిపాదికీ అదే. అమ్మ గోడ వైపు చూస్తూ ఒప్పుకుంది.

"సగమే ఏసిన సార్. పాలల్ల నూరి."

"తాగిందాండి?"

"తాగింది. గ్లాసు ఖాళీ అయింది."

డాక్టరు పిల్లి పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూశాడు. వెంటనే విరుగుడు మొదలుపెట్టాలని, అయినా మాట ఇవ్వలేనని అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాయన ఆపరేషన్‌కు కూడా కొంగు అంత పైకి రాలేదు.

"ఏ గ్లాసు?" అన్నాను నేను.

"పొయ్యి గట్టు మీద సల్లారబెట్టిన స్టీలు గ్లాసు. భాయ్‌కి తలుపు తీసి వచ్చెవరకు తాగి, సింకుల ఏసింది."

తొడ చీరుకున్న పిల్లి గట్టెక్కి, పాలు తాగి, గ్లాసు సింకులో వేసిందని అమ్మ నమ్మింది. దాని పెంపకం మీద ఆమెకు అంత గురి. నా పెంపకం మీద ఆ గురి ఎప్పుడూ కనిపించలేదు.

"అమ్మా, అవి నేను టీల పోస్కున్న."

డాక్టరు సిరంజి కింద పెట్టి, నన్ను పరీక్షగా చూశాడు.

"మీకెక్కడన్నా నొప్పులున్నాయాండి?"

"లేవు సార్."

"మంచిదండి. సాయంత్రం దాకా రావు."

"షుకర్ హై," అన్నాడు భాయ్. "పిల్లి బతికింది. వీనికేమైతది."

ఏడు కుట్లు పడ్డాయి. పది రోజులు బయటికి వదలొద్దని డాక్టరు చీటీ మీద రాస్తుంటే భాయ్ ముందుకు వంగాడు.

"నెల రాయుండ్రి సాబ్. మా కబూతర్ల తరఫున అడుగుతున్న."

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ బుట్టను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఫ్లైఓవర్ దాటాక ఒకసారి, సిగ్నల్ దగ్గర ఒకసారి అడిగింది.

"నిజంగ నువ్వే తాగినవా?"

"నేనే."

"నా పానం నిమ్మలం కావాలని చెప్తలేవు కద."

"కాదమ్మా."

కొంత దూరం పోయాక మళ్లీ మొదలుపెట్టింది.

"చేదుగ లేకుండెనా?"

"ఉండె."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు పెట్టిన టీ కద. రోజు లెక్కనే ఉండె."

అప్పుడు అమ్మ బుట్ట మీద నుంచి ఒక చేయి తీసి, నా వీపు మీద వేసింది, గట్టిగానే.