డెమో మెషీన్‌కి బొట్టు

నాకు నోటిదురుసు ఎక్కువని మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ అనేవారు. నా చెయ్యి కూడా అంతే దురుసుదని తెలిసింది విజయవాడలో, రొయ్యల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. పామర్రు వైపు మా బంధువులతో సహా చాలామంది వరి మానేసి చెరువులు తవ్వారు. రొయ్యకి తెల్లమచ్చ వైరస్ తగిలిందంటే చెరువు చెరువంతా చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చేది. ఆ వైరస్ నిరుడు వచ్చినదేనా, కొత్తదా అని తేలాలంటే దాని డీఎన్‌ఏలో అక్షరాలు వరసగా చదవాలి. చదివే మెషీన్ మాకు లేదు. శాంపిల్స్ హైదరాబాద్ పంపి వారాల తరబడి ఎదురుచూసేవాళ్లం. ఫలితం వచ్చేసరికి రైతు చెరువు ఎండగట్టుకుని తల పట్టుకుని కూర్చునేవాడు. చివరికి మా డైరెక్టరు గారు డబ్బు పెట్టే పెద్దమనుషులిద్దరిని ఒప్పించి, ఆ అక్షరాలు చదివే మెషీన్, అదే సీక్వెన్సర్, టేబుల్ మీద పట్టేది ఒకటి కొందామన్నారు.

రెండు కంపెనీలు పోటీకొచ్చాయి. ఒకరి మెషీన్ హైదరాబాద్‌లో చూసొచ్చాం. మంచిదే, కానీ మా అవసరానికి పెద్దది. శాంపిల్స్ ఒక గుంపుగా పోగయితేగాని దాన్ని నడపడం గిట్టుబాటు కాదు. రెండోది చిన్నది, ఒక్కొక్క శాంపిలే చదువుతుంది, రైతు పొద్దున తెస్తే మర్నాటికి చెప్పెయ్యొచ్చు. నాకు ఈ చిన్నదే కావాలి. దాన్ని మా ల్యాబ్‌లోనే నడిపి చూపిస్తామని వాళ్లు ఒక ఇంజనీర్‌ని పంపారు. ఏలూరు కుర్రాడు, నా ఈడువాడే. మెషీన్ బిగిస్తూ, టీ తాగుతూ తన సంగతంతా చెప్పాడు. "ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నానండీ. మీ ఆర్డరు పడితే పర్మనెంట్ చేస్తామన్నారు. పడకపోతే ఇక ఇంటికేనండీ," అని నవ్వాడు.

పెద్దమనుషులు వచ్చే రోజు పొద్దున్నే డైరెక్టరు గారు కొబ్బరికాయతో దిగారు. మా ల్యాబ్‌లోకి ఏ కొత్త వస్తువొచ్చినా పసుపూ బొట్టూ పడాల్సిందే.

"ఇంకా మనది కాలేదు కదండీ సార్," అన్నాను.

"అయితే ఏం? గుమ్మంలోకి వచ్చిన పేరంటాలికి బొట్టు పెట్టమూ? కానియ్యమ్మాయ్," అన్నారు.

ల్యాబ్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. గాజు మూతలో పసుపు ముద్ద కలిపి, మెషీన్ తలుపు మీద మూడు చోట్ల రాసి, కుంకుమ అద్దాను. డైరెక్టరు గారు కాయ కొట్టి, హారతిచ్చారు. చెయ్యి కుళాయి కింద ఓసారి పెట్టి తీశాను. సబ్బు పెట్టానా అంటే లేదు.

ఆ మెషీన్‌కి ప్రాణమంతా వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంలో ఉంటుంది. గొట్టం మధ్యలో పూత తీసేసిన చిన్న కిటికీ ఉంటుంది. రంగు కట్టిన డీఎన్‌ఏ ముక్కలు అక్కడికి రాగానే లేజర్ కాంతి పడి మెరుస్తాయి, ఆ మెరుపుల్నే మెషీన్ అక్షరాలుగా చదువుకుంటుంది. ఇంజనీర్ ఆ గొట్టం బిగించబోతుంటే నేను అడ్డం వెళ్లాను.

"నేను పెడతానుండండి. రేపు వాడేది మేమే కదా."

"గ్లవ్స్ వేసుకోండి మేడమ్. ఆ మధ్యలో మాత్రం ముట్టుకోకండి."

"తెలుసులెండి. గ్లవ్స్ వేసుకుంటే ఇంత సన్నటిది వేలికి తెలుస్తుందా?"

కాదనలేకపోయాడు పాపం. కస్టమర్ కదా! పెట్టేశాను. పెద్దమనుషులు వచ్చారు, కుర్చీలు వేశాం, సోడాలు తాగారు. తెర మీద గీతలు మొదలయ్యాయి. పర్వతాల్లా లేవాల్సిన గీతలు ఉప్పెనలో మునిగిపోయినట్టున్నాయి. ఒక్క అక్షరం తెలియడం లేదు. ఈ మెషీన్‌ని నెల రోజులుగా వెనకేసుకొచ్చింది నేనే మరి! డైరెక్టరు గారు నా వంకా, నేను ఇంజనీర్ వంకా చూశాం.

"శుభ్రం చేసి మళ్లీ నడుపుతానండీ, కొంచెం టైమివ్వండి. కిటికీ దగ్గర ఏదో అడ్డొచ్చినట్టుంది," అన్నాడతను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏదో అడ్డొచ్చిందట!" అన్నాను, అందరికీ వినబడేలా. "మెషీన్ తెచ్చేముందు నడపడం నేర్చుకుని రావాల్సింది."

పెద్దమనుషులు పకపకా నవ్వారు. వాళ్ల నవ్వు చూసి నాకు ఇంకాస్త హుషారొచ్చింది. అతను తల వంచుకుని గొట్టం ఊడదీశాడు. సాయంత్రం మళ్లీ నడిపాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. అప్పటికే పెద్దమనుషులూ, డైరెక్టరు గారూ వెళ్లిపోయారు, చూడ్డానికి నేను తప్ప ఎవరూ లేరు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమండీ?" అనేసి నా బ్యాగు తీసుకుని వెళ్లిపోయాను.

మర్నాడు చీకటి గదిలో మామూలు పరీక్ష ఒకటి చూస్తున్నాను. పని అయ్యాక గ్లవ్స్ తీసేసి, అతినీలలోహిత కాంతి దీపం ఆపబోతూ చెయ్యి చాపాను. నా బొటనవేలి గోరు అంచంతా పచ్చగా వెలిగిపోతోంది. గోటి సందులో పసుపు! కాంతి పడితే మెరిసేది డీఎన్‌ఏ ముక్కల రంగు ఒక్కటే కాదని నాకు తెలియదా? చదువుకోలేదా? ఆ కిటికీని ఈ వేలితోనే పట్టుకున్నాను.

కిందికి పరిగెత్తాను. అతను మెషీన్ పెట్టెని ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

"నా చేతి పసుపండీ. అదీ జరిగింది," అన్నాను రొప్పుతూ.

"తెలుసండీ. తుడిచినప్పుడు కాగితానికి పచ్చగా అంటింది."

"మరి చెప్పరేం? నేనన్ని మాటలంటుంటే!"

"అంతమందిలో ఎలా చెప్పనండీ? బొట్టు పెట్టి మరీ కాయ కొట్టారు. పైగా మీ చేతికి ఇచ్చింది నేనే. మా ఆఫీసులో చెప్పినా, ఎందుకిచ్చావనే అంటారండీ."

తిట్టినా బావుండేది. నేను డైరెక్టరు గారి గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"హైదరాబాద్‌లో చూసిన పెద్ద మెషీన్ వాళ్లకి రాత్రే మాటిచ్చేశానమ్మా. ఇప్పుడు పూజ వల్ల డెమో చెడిందని ఎవరికి చెప్పుకుంటాం? బయట తెలిస్తే సైన్సు ల్యాబ్ అంటారా మనల్ని?"

పెద్దమనుషులకి నేనే ఫోన్ చేస్తానన్నాను. "నా పరువు తియ్యకు," అన్నారు. నోటిదురుసు అన్నారే, ఆ నోరు అప్పుడు పెగల్లేదు. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది.

పెద్ద మెషీనే వచ్చింది. శాంపిల్స్ పోగయ్యేదాకా ఆగి నడిపేవాళ్లం. చెరువుల వాళ్లు మెట్ల మీద కూర్చుని, "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అనడిగితే వాళ్ల మొహం చూడలేక లోపలికి వచ్చేసేదాన్ని.

కొన్నాళ్లకి మా పాత పరికరం ఒకటి బాగుచెయ్యడానికి ఆ చిన్న మెషీన్ కంపెనీ నుంచే మనిషి వచ్చాడు. వేరే అతను. ఏలూరు అబ్బాయి ఏడని అడిగాను. అప్పుడు గదిలో డైరెక్టరు గారూ ఉన్నారు.

"తీసేశారండీ. డెమోలో గొట్టం పెట్టడం చేతకాలేదట. మీ ల్యాబ్‌లోనే కదండీ?"

డైరెక్టరు గారు కాగితాల్లోకి తల దూర్చారు. నేనిక ఆగలేకపోయాను.

"అతను పెట్టలేదు. పెట్టింది నేను. పసుపు చేత్తో నేనే పాడుచేశాను. ఈ సంగతి మీ ఆఫీసులో చెప్పండి."

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, నా వైపు ఎంతో గౌరవంగా చూశాడు.

"ఎంత మంచి మనసండీ మీది! ఎవరో కుర్రాడి కోసం తప్పు మీ మీద వేసుకుంటున్నారు."