ఎవరో ఎత్తేస్తారులే

నా చిన్నప్పుడు బేస్తవారిపేట దగ్గర మా ఊళ్ళో నాలుగైదు కుటుంబాలకు కలిపి ఒకటే కళ్ళం ఉండేది. వంతులవారీగా వాడుకునేవాళ్ళం. పేడతో అలికిన కళ్ళంలోకి చెప్పులతో అడుగు పెట్టడానికి ఎంతటివాళ్ళయినా జంకేవాళ్ళు. తినే గింజ రాలే చోటు కదా!

ఆ రోజు వంతు మేం అత్తా అని పిలిచే చర్చి వీధి ఆమెది. ఆమె మా చేలో కూలికి వచ్చేది. తనకున్న కాస్త నేలలో పండిన కందిని కొట్టుకోవడానికి పొద్దున్నే కళ్ళం అలికి పెట్టుకుంది. పైన మబ్బు కమ్ముకొస్తోంది. ఆ పూట కొట్టుకోకపోతే కంది తడిసి ఇంటిల్లిపాదికీ ఏడాదంతా పప్పుండదు. అంతలో మా నాయన వెంట మా కుక్క వచ్చింది. అలికిన కళ్ళం నడిమధ్యలో దర్జాగా కూర్చుని తన పని కానిచ్చింది.

మా నాయన చూశాడు. చూసి కూడా గట్టు మీదివాళ్ళతో మాటల్లో పడ్డాడు. అత్త మొహం చిన్నబుచ్చుకుని నిలబడితే, "ఎవరో ఒకరు ఎత్తేస్తారులే" అన్నాడు, ఆమె వైపే చూస్తూ. ఆమె దాన్ని ఎత్తడానికి పెంకు ముక్క కోసం వంగింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరిగ్గా అప్పుడే మా నాయనమ్మ ఆయనకు సంగటి తెచ్చింది. ఆ మాట ఆమె చెవిన పడనే పడింది; జరిగింది ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. గిన్నె తీసుకెళ్ళి ఆ పెంట పక్కనే దించింది.

"రా నాయనా, కూసొని తిను."

"ఇక్కడేందమ్మా, కంపు!"

"ఎవరో ఎత్తుతారంటివి గదా. ఎత్తిందాకా ఇక్కడ్నే తిను. ఆ ఎవరో ఎవర్రా? కుక్కకు సంగటి పెట్టేది మనం, ఎత్తేది ఆ బిడ్డనా?"

గట్టు మీద ఒకాయన కిసుక్కుమన్నాడు. మా నాయన మొహం కందగడ్డయింది. ఐనా కదిలాడు. తనే ఎత్తి దూరంగా గుంట తీసి పూడ్చాడు. పేడనీళ్ళు కలిపి, ఎన్నడూ అలవాటు లేని చేతులతో అడ్డదిడ్డంగా అలికాడు. అది ఆరీ ఆరకముందే అత్త కంది పరిచి కొట్టుకుంది. చినుకు పడేలోపు ఆమె గింజ ఇల్లు చేరింది.

ఇప్పుడు నేను మార్కాపురంలో ఉంటున్నా. మా వీధి చివర పిల్లలు ఉత్తకాళ్ళతో కబడ్డీ ఆడుకునే ఖాళీ జాగా ఉంది. పొద్దున్నే కొందరు గొలుసులు పట్టుకుని అక్కడికి కుక్కలను తెస్తారు. వేలు పోసి కొన్న కుక్కలు! అవి కూర్చున్నంతసేపూ వీళ్ళు ఫోన్ చూసుకుంటారు. నీ కుక్కది నువ్వే ఎత్తొచ్చు గదా అని నిన్న ఒకబ్బాయిని అడిగాను. "మున్సిపాలిటీ వాళ్ళున్నారు గదా పెద్దాయనా, ఎవరో ఒకరు ఎత్తేస్తారులే" అని నవ్వుకుంటూ పోయినాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా బతుకు.

కాసేపటికి చీపురు పట్టుకుని ఊడ్చే అమ్మాయి వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంగింది. 'ఎవరో' అంటే ఎదురు చెప్పలేని మనిషని ఆ రోజు కళ్ళంలో నాకు తెలిసింది. ఇంత వయసొచ్చినా అది అబద్ధం కాలేదు. అదే నా కోపం.