లాగిన్ స్క్రీన్ ముందు మూడు గంటలు

మా ఇంట్లో మగవాళ్ళకు స్వయంగా రాసే అలవాటు లేదు. చదవడం ఉంది, సంతకం పెట్టడం ఉంది. ఉత్తరమైనా, మామిడి తోట కౌలు కాగితమైనా మా తాతగారు పడక్కుర్చీలో కూర్చుని చెబుతుంటే, ఎదురుగా చాప మీద గుమాస్తా రాసుకునేవాడట. నేను పుట్టేనాటికి తోటలూ లేవు, గుమాస్తా లేడు. నూజివీడులో ఒక మేడ మీది వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారు నా ఇంటర్మీడియెట్‌లో పోయారు. అమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ చెప్పేది. అయినా వీధిలో నడుస్తుంటే ఎవరో ఒకరు ఆపి, మీరు ఫలానా వారి మనవడు కదూ అని అడిగేవారు. ఆ అడగడంలో గౌరవం ఎంతో, జాలి ఎంతో నాకు బాగా తెలుసు. అందుకే నిటారుగా నిలబడి జవాబు చెప్పేవాణ్ణి.

ఊరికి దగ్గర్లో ఉన్న ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. కాలేజీ బస్సు ఒకప్పటి మా తోట పక్క నుంచే వెళ్ళేది. నేను రెండో వైపు కూర్చునేవాణ్ణి.

మొదటి సంవత్సరం ల్యాప్‌టాప్ కొనలేకపోయాం. ఎవరైనా అడిగేలోపే, నాకు కాగితం మీద చేయడమే ఇష్టమని నేనే చెప్పేశాను. చెప్పాక దాన్ని నిజం చేసుకోవాల్సి వచ్చింది. పెద్ద పుస్తకంలో ఎడమ పేజీలో ప్రోగ్రాం రాసేవాణ్ణి. కుడి పేజీలో ఒక్కో వేరియబుల్‌కు ఒక్కో గడి గీసేవాణ్ణి. యంత్రం ఎలా చేస్తుందో అలాగే ఒక్కో లైను దగ్గర ఆగి, గడిలో పాత విలువ కొట్టేసి కొత్తది వేసేవాణ్ణి. లూపు వెయ్యిసార్లు తిరిగేదైతే మొదటి అయిదూ చివరి మూడూ రాసేవాణ్ణి. డేటా స్ట్రక్చర్స్ చెప్పిన మాస్టారు ఒకరోజు ఆ పుస్తకం తీసుకుని క్లాసంతటికీ చూపించారు. నాకు క్లాసులో దక్కిన గౌరవం అదొక్కటే.

ల్యాబులో మాత్రం సిస్టములు చాలక ఇద్దరికి ఒకటి ఇచ్చేవారు. నా పక్కన కూర్చున్నవాడు మా తాతగారి గుమాస్తా మనవడు. ఆ సంగతి మా ఇద్దరికీ మొదటిరోజే తెలుసు. వాళ్ళ నాన్న ఇప్పుడు మామిడికాయల కమీషన్ వ్యాపారి. సీజనులో వాళ్ళ షెడ్డు ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. కుర్రాడు మంచివాడే, చేతులు చురుకు. నేను పుస్తకం తెరిచి చెబుతుంటే అతను టైప్ చేసేవాడు. చుక్క దగ్గర చుక్క, కామా దగ్గర కామా చెప్పేవాణ్ణి. ప్రోగ్రాం సాధారణంగా మొదటిసారే నడిచేది. ఏడాది చివరి ల్యాబు పరీక్షలు కూడా అలాగే ఇద్దరం కలిసి రాసేశాం. రెండున్నరేళ్ళలో నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది చాలా తక్కువ. అందులో వింతేమీ ఉన్నట్టు నాకు తోచలేదు.

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో అల్గారిథమ్స్ ల్యాబు. ఒకరోజు ప్రోగ్రాం తప్పుడు జవాబు ఇచ్చింది. నువ్వే ఎక్కడో తప్పు కొట్టావు, మళ్ళీ మొదటి నుంచి చెబుతానన్నాను. ఒకసారి నువ్వు కూర్చుని కొట్టు, నేను చూస్తానన్నాడు. నీ పని నువ్వు చెయ్యి అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే కొత్తగా వినిపించింది.

అతను కోపం తెచ్చుకోలేదు. కుర్చీ వెనక్కి తిప్పి, వెనక వరసలో వాళ్ళకేసి చూసి నవ్వాడు.

"మా తాత ముప్ఫయ్యేళ్ళు వీళ్ళ తాత చెప్పింది రాశాడ్రా. నేను మూడేళ్ళ నుంచి వీడు చెప్పింది కొడుతున్నా. మా తాతకి పండక్కి పంచెల జతన్నా పెట్టేవాళ్ళంట. ఏం దొరగారూ, నాకేం పెడతారు?"

ల్యాబంతా నవ్వింది. ల్యాబ్ అసిస్టెంట్ కూడా నవ్వాడు. నేను పుస్తకం మూసుకుని లేచి, చివర్లో ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాను. సాయంత్రానికి క్లాసు వాట్సాప్ గ్రూపులో నా ఫొటోకు తలపాగా, మీసాలు తగిలించి పెట్టారు. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. బస్సులో పుస్తకం తిప్పి చూస్తే, ప్రోగ్రాంలో తప్పు నాదేనని తెలిసింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

పరీక్షల ముందు సెలవుల్లో అతనే మా వీధి చివరికి బండి మీద వచ్చాడు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు ఉంది. వారం రోజులు ఉంచుకోమని, తనకు ఇంట్లో ఇంకొకటి ఉందని చెప్పాడు. అవసరం లేదన్నాను.

"నీ ఇష్టం. ఈసారి ఒక్కొక్కళ్ళకీ ఒక్కో సిస్టమంట. చూసుకో మరి" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ పరీక్ష పోతే ఏం పోతుందో నాకు తెలియక కాదు. ల్యాబు పరీక్ష ఏడాదికి ఒక్కసారే పెడతారు. ఒక్క సబ్జెక్టు మిగిలి ఉన్నా నాలుగో సంవత్సరంలో కంపెనీలు జరిపే క్యాంపస్ సెలక్షన్లలో కూర్చోనివ్వరు. ఆ సంగతి అమ్మకూ తెలుసు. అమ్మకు ఆ సెలక్షన్ల మీద తప్ప మరి దేని మీదా ఆశ లేదు. నాకు ఉద్యోగం వస్తే హైదరాబాదులో, మనల్ని ఎరిగినవాళ్ళు లేనిచోట, చిన్న ఫ్లాట్‌లో ఉందామనేది. లిఫ్టులో ఎదురైనవాళ్ళు ఏ నంబరు ఫ్లాటండీ అని మాత్రమే అడగాలట. తాతల సంగతి ఎత్తకూడదట. తన కోసం తాను ఏదీ కోరని మనిషి ఆ లిఫ్టు గురించి మాత్రం పదేపదే చెప్పేది.

పరీక్ష మే నెలలో, కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో వచ్చింది. దారి పొడుగునా కాయల ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు ఆలస్యమైంది. మేం వెళ్ళేసరికి ల్యాబ్ అసిస్టెంట్ అందరినీ నంబర్ల వరసలో కూర్చోబెడుతున్నాడు. పరీక్ష కోసం పాస్‌వర్డ్ మార్చామని, అందరికీ ఒకటేనని, నిన్న క్లాసు గ్రూపులో పెట్టామని, అందరూ చూసుకున్నారు కదా అని అడిగాడు. చూశామన్నారంతా. నేను అవుననలేదు, కాదనలేదు.

ప్రశ్నలు చీటీలు తీసుకోవాలి. నాకు వచ్చింది ఒక ఊరి నుంచి మిగతా ఊళ్ళన్నిటికీ అతి దగ్గర దారి కనుక్కునే ప్రోగ్రాం. అది నాకు కొట్టిన పిండి. తెల్లకాగితం మీద అరగంటలో రాసేశాను. ఉదాహరణకు నూజివీడు, హనుమాన్ జంక్షన్, జి. కొండూరు, చింతలపూడి చుక్కలుగా పెట్టి, మధ్యలో గీతలు గీసి, గడులు వేసి, చివరి జవాబు దాకా నడిపించాను. తప్పు లేదు. రెండుసార్లు చూసుకున్నాను.

తర్వాత స్క్రీన్‌కేసి తిరిగాను. రెండు ఖాళీ గడులు, కింద ఒక బటన్. నా రోల్ నంబరు కొట్టాను. పాత పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు అంది. పుట్టిన తేదీ కొట్టాను. మళ్ళీ తప్పంది. మరోసారి కొట్టేసరికి కాసేపు ఆగి ప్రయత్నించమని వచ్చింది. చుట్టూ అందరి వేళ్ళూ టకటకలాడుతున్నాయి. చెయ్యెత్తి, నాకు పాస్‌వర్డ్ తెలియదండీ అంటే చాలు. మూడు మాటలు. కాని అన్నాక గ్రూపులో లేవా అంటారు. ఎందుకు లేవు అంటారు. ల్యాబంతా ఇటు తిరుగుతుంది. నేను చేతులు బల్ల మీద పెట్టుకుని స్క్రీన్‌కేసి చూస్తూ కూర్చున్నాను. దూరం నుంచి చూసేవాళ్ళకు ఆలోచిస్తున్నట్టే ఉండి ఉంటుంది.

గంట దాటాక గుమాస్తా మనవడు ప్రింటవుట్ కోసం లేచి నా వెనకగా వెళ్ళాడు. వెళుతూ మడత పెట్టిన చిన్న కాగితం నా కీబోర్డు పక్కన జారవిడిచాడు. నాకు ఒళ్ళు మండింది. నేను మూడేళ్ళు చెబితే కొట్టినవాడు, ఇప్పుడు నాకు జవాబు చీటీ వేస్తున్నాడు. దాన్ని విప్పకుండానే కీబోర్డు కిందికి తోసేశాను.

చివరి అరగంటలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. వేరే ఊరి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన. స్క్రీన్ చూశారు, నన్ను చూశారు. నేను కాగితం ఇచ్చాను. ఆయన నిలబడే అంతా చదివారు. హనుమాన్ జంక్షన్ దగ్గర వేలు పెట్టి ఆగి, గీతల వెంట నడిపించి చూశారు.

"అంతా రైటే. నడిపించావా?"

"నడిపించానండి. కాగితం మీద."

"ఇది ల్యాబు కదా నాయనా. సిస్టం మీద నడవని ప్రోగ్రాముకి మార్కులు ఎక్కడని వెయ్యను? మూడు గంటలూ ఏం చేశావు?"

ఆయన ఇంకాసేపు నిలబడ్డారు. నేను ఏదైనా అంటే వినడానికే నిలబడ్డారని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత కాగితం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి పక్క సిస్టం దగ్గరికి వెళ్ళారు.

బయట వరండాలో అతను నాకోసం ఆగి ఉన్నాడు.

"చీటీ చూళ్ళేదా?"

"కాపీ కొట్టే అలవాటు నాకు లేదు."

"కాపీ ఏంట్రా బాబూ. పాస్‌వర్డ్ అది. నువ్వు గ్రూపులో లేవుగా."

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నా భుజం పట్టుకుని హెచ్.ఓ.డి. గది దాకా తీసుకెళ్ళి, తనే లోపలికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

హెచ్.ఓ.డి. మేడం కూర్చోమన్నారు. రేపు ఇంకో సెక్షన్‌కు అదే పరీక్ష ఉందని, వాళ్ళతో కూర్చోబెడతానని చెప్పారు. సిస్టం పనిచేయలేదని, దయచేసి ఇంకో అవకాశం ఇవ్వమని ఒక లెటరు రాసిస్తే చాలన్నారు. సిస్టం బాగానే ఉందండీ అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సరే, జరిగింది జరిగినట్టే రాయి. పాస్‌వర్డ్ తెలియలేదు, అడగలేదు, తప్పయింది, ఇంకొక్క అవకాశం ఇవ్వండి అని. నాలుగు ముక్కలు. నేను ఫైల్లో పెట్టుకోవాలి కదా."

తెల్లకాగితం, పెన్ను నా ముందుకు జరిపారు. పైన ఆమె హోదా రాశాను. విషయం అన్న చోట అల్గారిథమ్స్ ల్యాబు అని రాశాను. మేడం, నేను అని మొదలుపెట్టాను. ఆ తర్వాత పెన్ను కదల్లేదు. ఆమె అన్న నాలుగు ముక్కల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అమ్మ గుర్తొచ్చింది, ఆ లిఫ్టు గుర్తొచ్చింది. అయినా తప్పయింది అన్న మాట నా చేత్తో పడలేదు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. ఆమె వేరే ఫైళ్ళు చూసుకుంటూ నాకు కావలసినంత సమయం ఇచ్చారు. చివరికి నేను పెన్నుకు మూత పెట్టి, నమస్కారం చేసి, బయటికి వచ్చేశాను. వెనక నుంచి ఆమె పిలవలేదు.

ఇన్నేళ్ళయినా, ఆరోజు చేసింది తప్పని నాకు పూర్తిగా అనిపించదు. ఒప్పని అసలే అనిపించదు.

ఫలితాలు వచ్చాయి. మిగతా అన్నిటిలో మంచి మార్కులు, ఆ ఒక్కదాంట్లో ఫెయిల్. అమ్మ ఫలితాల గురించి అడిగితే చెబుదామనుకున్నాను. అడగలేదు. మరుసటి ఏడాది జూనియర్ల మధ్య కూర్చుని, రెండు వేళ్ళతో టైప్ చేసి ఆ ల్యాబు పాసయ్యాను. అప్పటికి కంపెనీలన్నీ వచ్చి వెళ్ళిపోయాయి. తర్వాత బయట ఎన్నిచోట్ల రాసినా ఒక్కచోటా పిలుపు రాలేదు. మేం ఇప్పటికీ నూజివీడులోనే ఉన్నాం.

కాని నేను చెప్పదలచుకున్నది క్యాంపస్ సెలక్షన్ల మొదటిరోజు. తేదీ ఊరందరికీ తెలుసు. అమ్మ ముందురోజే తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. పొద్దున్నే ఉప్మా పెట్టి, మెట్ల దాకా వచ్చింది. నేను కాలేజీ బస్సు ఎక్కకుండా హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. అక్కడ హైవే పక్కన ఒక బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. లారీల దుమ్ముకు చొక్కా కాలరు నల్లబడింది.

ఇంటికొచ్చాక నేను అమ్మ ఫోను ఛార్జింగ్‌కు పెట్టబోతే మెసేజ్‌లు తెరిచి ఉన్నాయి. ఫలితాలను యూనివర్సిటీ తల్లిదండ్రుల ఫోనుకు కూడా పంపుతుందని నాకు ఏనాడూ తట్టలేదు. నా రోల్ నంబరు, సబ్జెక్టులు, చివర్న ఫెయిల్. రెండు నెలల నాటి మెసేజ్. చదివేసిందే.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా చొక్కా కాలరుకేసి చూసింది.

"విడిచి ఇవ్వు, నానబెడతాను. మళ్ళీ రేపటికి కావాలా?"

"అక్కర్లేదమ్మా."

చొక్కా తీసుకుని లోపలికి వెళ్ళింది.