గాల్లో ఆగిన పైడమ్మ పాదం

1963 ఎండాకాలం. ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో మగవాళ్ల సర్జికల్ వార్డుకి నేను నర్సుని. నా మాట దాటి అక్కడ మంచం కదిలేది కాదు.

ఆ పొద్దున వ్యాగన్ మీంచి జారిపడ్డ సింహాచలం అనే ఫిట్టర్‌ని తెచ్చారు. కాళ్లు ఆడుతున్నాయి గానీ వీపు చెక్కలా బిగుసుకుపోయింది. "ఎక్స్‌రే చూసేదాకా చెక్క మీద వెల్లకిలా ఉంచండి, కదపొద్దు" అన్నారు డాక్టరుగారు.

వెన్నుకి రెండు పక్కలా చేతికి తగిలే పొడుగు కండరాలు ఎరెక్టర్ స్పైనీ. మనల్ని నిటారుగా నిలబెట్టేవి అవే. వాటి అడుగున మల్టిఫిడస్ అని చిన్న చిన్న పోగులు, ఒక్కో వెన్నుపూసని పైవాటితో కట్టి ఉంచుతాయి. ఎముక విరిగితే ఇవన్నీ వాటంతటవే బిగుసుకుని దాన్ని కదలనివ్వవు. అప్పుడు వీపు మీద బరువు పడితే విరిగిన ముక్క వెన్నుపాములోకి దిగొచ్చు. ఇక ఆ మనిషి నడవడు.

సాయంత్రం ఎక్స్‌రే ప్లేటు తీసుకుని తిరిగొచ్చేసరికి, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి వచ్చిన చుట్టాలు సింహాచలాన్ని బోర్లా తిప్పేశారు. అతని మేనత్త పైడమ్మ మంచం కమ్మీ పట్టుకుని పాదం ఎత్తింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా తెలుగువాళ్ల నమ్మకం. ఆమె అలా పుట్టిన మనిషి.

"ఆగు! కాలు దించు!" వార్డంతా అదిరేలా అరిచాను.

"ఏటమ్మా ఆ కేకలు? ఎన్ని నడుములు బాగు సేసినానో నీకేటి తెలుసు? రాయిలాగ పట్టీసింది, వదల్దీసీవద్దా?" పాదం ఇంకా గాల్లోనే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ తోస్తే ఆమె పడేది అతని మీదే. కోపం మింగి, ఆమె చెయ్యి పట్టుకుని అతని వీపు మీద మెల్లగా ఆనించాను.

"పెద్దమ్మా, నువ్వు తొక్కీవి బరువులెత్తి పట్టీసిన నడుములు. ఈడు పడిపోనాడు. లోపల ఎముక సిట్లింది, ఇదిగో ప్లేటు. ఈ కండే దాన్ని పట్టుకొనుంది. నువ్వు తొక్కితే నీ మేనల్లుడు మరి నడవడు."

పాదం నేలకి దిగింది. "నాయనో, ఎంత పని సేసీదాన్నే!"

"ఏడుపు తరవాత. తుంటి పట్టుకో." నడుం మెలిపడకుండా, దుంగని దొర్లించినట్టు అందరం కలిసి అతన్ని వెల్లకిలా తిప్పాం.

"సింహాచలం, కాలివేళ్లు ఆడించు."

కదల్లేదు. "తిమ్మిరిగుంది సిస్టరమ్మా" అన్నాడు. పైడమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. మళ్లీ అడిగాను. కుడి బొటనవేలు కదిలింది, తరవాత ఎడమది. అందరి ముందే ఏడ్చేశాను.

ప్లాస్టర్ జాకెట్‌లో నెలలు గడిపి, సింహాచలం నడిచే ఇంటికెళ్లాడు. నా అరుపుకి పైడమ్మ పాదం ఆగింది గానీ దిగలేదు. చెయ్యి వేసి చూశాకే దిగింది. ఆ తరవాత ఏ చుట్టాల మీదా అరిచి ఊరుకోలేదు, ఎందుకు వద్దంటున్నానో దగ్గర కూర్చోబెట్టి చూపించాను.

పైడమ్మ మాత్రం తొక్కడం మానలేదు. కాకపోతే నడుం పట్టుకుని ఎవరొచ్చినా ముందు "పడ్డావేట్రా?" అని అడిగేదట. అవునంటే పాదం చీర కుచ్చిళ్లలోకి లాక్కుని, "సిస్టరమ్మ దగ్గిరికి పో" అని తరిమేదట.