పేరు లేని మసీదు

డెబ్బైలలో నేను మస్కట్‌లో ఒక కంపెనీలో తాపీమేస్త్రీని. నిజ్వా దగ్గర సైట్‌కి వెళ్లినప్పుడు, మా హైదరాబాదీ డ్రైవర్ ఖాదర్ భాయ్ గుట్ట మీదున్న ఓ పాత మసీదు చూపించాడు. మినార్ లేదు, గుమ్మటం లేదు, మట్టి ఇటుకల గది అంతే. పూర్వం భక్తులు ఊరికి దూరంగా వచ్చి, ఒంటరిగా ప్రార్థనలో గడపడానికి కట్టుకున్నదట.

గడప బయటే నిలబడి గోడ తడిమాను. ఖర్జూరపు దుంగలతో కాల్చిన మట్టిని పొడిచేసి పూశారట. వందల ఏళ్లైనా ఎక్కడా బీట లేదు. తాపీ పట్టిన చెయ్యి నాది, ఆ పనికి దణ్ణం పెట్టాలనిపించింది.

శిలాఫలకం కోసం చుట్టూ రెండుసార్లు తిరిగాను. మా పాలకొల్లు వైపు చర్చిల్లో బల్లకీ, గోడగడియారానికీ, చివరికి ఫ్యాను రెక్కలకీ ఇచ్చినవాళ్ల పేరుంటుంది. నేనూ ఓ ఫ్యాను ఇవ్వాలని, నా పేరు ఏ రంగులో రాయించాలో కూడా అనుకుని ఉన్నాను.

"కట్టిందెవరో అడుగు భాయ్," అన్నాను.

మసీదు చూసుకునే ముసలాయన తెలియదన్నాడు. మా ఫ్యాన్ల సంగతి ఖాదర్ చేత చెప్పించాను. ఆయన నవ్వలేదు. నిజంగానే దిగులుపడి అరబ్బీలో ఏదో అడిగాడు.

"పేరు రాయకుంటె మీ దేవుడు మర్చిపోతడా అని అడుగుతుండు భాయ్," అన్నాడు ఖాదర్.

సెలవుకి వెళ్లినప్పుడు ఫ్యాను కొన్నాను. పెయింటరు బ్రష్షు ముంచి, "పేరు చెప్పండి మేస్త్రీగారూ," అన్నాడు. ఏమీ రాయొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నాను.

అది ఎవరిచ్చారో మా చర్చిలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇదిగో, మీకు మాత్రం చెప్పేశాను.