మామ జీతం కొత్తగూడ దాకా

పోయిన నెల ఒక పొద్దున బడికి బయలుదేరుతుంటే మహబూబాబాద్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ ఇగ లేడు బిడ్డా. భూపాలపల్లి బస్టాండ్ల గుండె పట్టుకొని కూలవడ్డడంట. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది" అంది. ఏడుపు కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఆయన జీతమెంతో ఇక నాకు ఎప్పటికీ తెలియదు అనుకున్నాను.

ఆయన మా మేనత్త భర్త, వన్యప్రాణుల శాస్త్రవేత్త. ముప్పయ్యేళ్లు ఎలుగుబంట్ల వెంట తిరిగాడు. పెళ్లిచూపులకు అడవి శాఖ జీపులో దిగేసరికి మా నాయిన ఆయన్ను రేంజరనుకుని అక్కడికక్కడే మాటిచ్చేశాడు. దారిలో ఎవరో ఎక్కించుకుని దింపిన జీపు అదని పెళ్లయ్యాక తెలిసింది. ఆయన కొలువూ అలాంటిదే. పరిశోధనకు డబ్బు మంజూరైతే రెండేళ్లో మూడేళ్లో జీతం, ఆ తర్వాత మళ్లీ దరఖాస్తులు. జీతం లేని నెలల్లో అత్త కుట్టుమిషనే ఇల్లు నడిపింది.

"నీ జీతమెంత మామా?" అని ఎన్నిసార్లు అడిగానో. "పెట్రోలు పోస్తే కొత్తగూడ దాక వస్తది అల్లుడా. మర్లొచ్చేటప్పుడు బండి నూక్కుంట రావాలె" అని నవ్వేవాడు. నేను జనగామలో లెక్కల టీచర్ని. జవాబు చెప్పకుండా నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

కొత్తగూడ అడవిలో ఎలుగుల పెంట ఏరి, కవర్లలో ఇంటికి తెచ్చి, మిద్దె మీద పాత చీర పరిచి ఎండబెట్టేవాడు. అందులోని గింజలు చిమటాతో, అదే చిన్న పట్టకారుతో, ఏరి ఏ కాలంలో ఎలుగు ఏం తింటుందో రాసుకునేవాడు. పక్క చీర మీద అత్త వడియాలు ఉండేవి. "కాకొస్తే ముందు ఎటు ఉరుకుతవు? నా దిక్కా, నీ పెంట దిక్కా?" అని అత్త ఒకసారి అడిగింది. "వడియాలైతే మళ్ల పెట్టుకోవచ్చు గదనే" అన్నాడు. వారం రోజులు అత్త ఆయనతో మాట్లాడలేదు.

నా కూతురికి కూడా ఆ చదువే కావాలట. సీటు వచ్చింది, కాలేజీ ఫారం మీద నా సంతకం ఒక్కటే తక్కువ. నేనే పెన్ను పట్టలేదు. మొన్న ఎండాకాలం మామను బతిమాలాను. "జర నువ్వన్న చెప్పు మామా. నువ్వు వడ్డ గోస మొత్తం చెప్పు" అన్నాను. "వద్దనే చెప్త" అని దాన్ని మిద్దె మీదికి తీసుకుపోయాడు. గంట తర్వాత కిందికి దిగిన పిల్ల చేతిలో చిమటా ఉంది. "జీతం సంగతంత చెప్పిన అల్లుడా. ఇనుకుంటనే గింజలు ఏరింది" అన్నాడు మామ. ఆయన నా మాట నిలబెట్టాడో చెడగొట్టాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దినాలకు కొత్తగూడ నుంచి ఆయనతో అడవిలో నడిచే కోయ అన్న వచ్చాడు. సగం జీతం ఇతనికే పెట్టేవాడని అత్త అనేది. "సారు నీకేమిచ్చేటోడన్నా?" అని అడిగాను. "ఉన్నప్పుడు ఇచ్చేటోడు. లేనప్పుడు మా ఇంట్లనే తినేటోడు" అన్నాడు. మళ్లీ అతనే అందుకున్నాడు. "ఇప్పపువ్వు ఏరతందుకు తెల్లారకముందే పోయేటోళ్లం. ఎలుగులు గూడ ఆ పువ్వుకు అప్పుడే వస్తయి. పొద్దెక్కినంక, ఇద్దరిద్దరు కలిసి పోండ్రని సారే చెప్పిండు. అప్పటిసంది మా గూడెంల ఎవరినీ ఎలుగు పట్టలే."

దీన్ని మామ సంపాదనలో కలపాలా, వద్దా? లెక్కల టీచర్నయి ఉండీ తేల్చుకోలేకపోయాను.

ఆ రోజు పిట్టకు పెట్టిన అన్నం వాకిట్లో అట్లాగే ఉండిపోయింది. ఒక్క కాకీ వాలలేదు. అత్త ముఖం వాడిపోయింది. నా కూతురు కనిపించకపోతే వెతుక్కుంటూ మిద్దె ఎక్కాను. అత్త కూడా నా వెనకే వచ్చింది. మామ సంచిలో దొరికిన చివరి పెంటను చీర మీద ఎండబోసి నా బిడ్డ గింజలు ఏరుతోంది. "ఇవి ఎవలకియ్యాల్నో తెల్వది. ఆరబెట్టకుంటే బూజు వడ్తదని నేనే చెప్పిన" అంది అత్త.

అప్పుడు వాలింది కాకి, సరిగ్గా ఆ చీర మీద.

"కొట్టకు బిడ్డా, మీ తాతనే!" అని అత్త చేతులు జోడించింది. నా బిడ్డ "హుష్, హుష్" అంటూ ఉరికింది. ఎవరిని ఆపాలో తెలియక నేను మధ్యలో నిలబడ్డాను. కాకి ఒక తునికి గింజ ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అత్త కళ్లు తుడుచుకుంది. పిల్ల పుస్తకం తెరిచి, "తునికి, ఒకటి తక్కువ" అని రాసుకుంది.

"రాసుడైనంక ఆ పెన్ను ఇటియ్యి బిడ్డా" అన్నాను.