సింహం చూసి బిగించిన స్టీరింగ్

మా ముత్తాత లక్ష్మీకాంతరావు గారు గరిడేపల్లి చుట్టుపక్కల ఊళ్లకు దొర. ఆయన గుర్రం దగ్గితే ఊరంతా కషాయం కాచేదట. ఆయన కొడుకు, మా తాత మాధవరావు గారు, గుర్రాన్ని పంపేసి నల్ల కారు కొన్నారు. మా నాన్న ఆ కారులో వెనక సీట్లో కూర్చున్నారు. నేను దాని కింద పడుకున్నాను. ఎందుకు పడుకున్నానో, లేచాక మూడు తరాల పరువు ఏ ఉలవల్లో పొర్లిందో చెబుతాను. నవ్వండి. కానీ కూర్చుని నవ్వండి. మా ఇంటి సంగతులకు నిలబడి నవ్వడం మర్యాద కాదు.

ఆ కారు స్టీరింగ్ నడిమధ్యన ఇత్తడి సింహం ఉండేది. మలుపులో అది ఎంత ఒరిగినా, దారి తిన్నగా కాగానే తల పైకి రావాలి. ఇది తాతగారి శాసనం.

నా కాలానికి పొలాలు పోయాయి, కారు మిగిలింది. దాని స్టీరింగ్ తిప్పితే కారు కాసేపు ఆలోచించుకుని, ఇష్టమైతే తిరిగేది. స్టీరింగ్ కడ్డీని కింద ఉండే స్టీరింగ్ బాక్సుకు కలిపే జాయింటు అరిగిపోయిందట. సూర్యాపేట మెకానిక్ పాతది విప్పి, కొత్తది చేతిలో పెట్టి, బిగించడానికి రేపు వస్తానన్నాడు.

రేపటిదాకా ఆగే వీలు లేదు. నా భార్య సుగుణ అప్పటికే కోదాడకు ఫోన్ చేసింది. అక్కడ పెళ్లి ఊరేగింపులకు కార్లు కిరాయికిచ్చే సాంబయ్య ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు, కారు కొనడానికి.

"ఇది అమ్మే వస్తువు కాదు," అన్నాను.

"నడిచే వస్తువు గూడ కాదు గదా," అంది సుగుణ. "సరే, ఒక మాట. మిర్యాలగూడ దాక పోయి, చాయ్ తాగి, మళ్ల ఇంటికి రాండ్రి. వొస్తే కారు మనది. రాకుంటే కోదాడాయనది. ఒప్పుకుంటరా?"

ఒప్పుకున్నాను. తెల్ల లాల్చీతోనే కారు కిందికి దూరాను. ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను.

"సింహం తల పైకున్నదా?"

"ఉన్నది."

"సీదాగ ఉన్నదా? సరిగ్గ సూడు."

"మీసాలతో సహా సీదాగనే ఉన్నది. గానీ ముందు చక్రాలు రెండూ గోడ దిక్కు మలిగి ఉన్నయి."

"చక్రాలతోని మనకేం పని? నువ్వు సింహాన్ని పట్టుకో!"

షెడ్డులోకి తోసినప్పుడు చక్రాలు పూర్తిగా ఎడమకు తిరిగి ఆగాయి. వాటిని తిన్నగా చేశాకే కడ్డీని కలపాలని ఏ మెకానిక్‌నడిగినా చెబుతాడు. అడగడం మా వంశంలో లేదు. జాయింటు పళ్లలో పళ్లు కూర్చాను, బోల్టు బిగించాను, రాజ్యం గెలిచినవాడిలా బయటికి పాక్కుంటూ వచ్చాను.

సాంబయ్య వచ్చాడు. వినయంగా నా పక్క సీట్లో కూర్చున్నాడు. సుగుణ వెనక కూర్చుంది. స్టీరింగ్ కుడికి ఒక చుట్టు తిప్పాను. కారు ఇంకా గోడవైపే చూస్తోంది. ఇంకో అర చుట్టు తిప్పితే తిన్నగా అయ్యింది. చక్కగా గేటు దాటి మిర్యాలగూడ రోడ్డెక్కాం. పాఠకులారా, అప్పుడే కారు దిగిపోయి ఉంటే నేను మహా మెకానిక్‌ని.

సాంబయ్య మెల్లగా దగ్గాడు. "అయ్యగారూ, బండి బ్రహ్మాండంగా పోతుందండీ. కానీ ఆ సింహమేంటండీ, తలకాయ కిందికి పెట్టింది?"

చూశాను. కారు తిన్నగా పోతోంది. మా సింహం శీర్షాసనంలో ఉంది.

"అట్లనే పోనియ్యుండ్రి," అంది సుగుణ వెనకనుంచి. ఆమె గొంతులో మొదటిసారి నా కారు మీద ప్రేమ వినిపించింది. "సింహం నడుస్తదా ఏంది? చక్రాలే గదా నడిచేది. మిర్యాలగూడ పోదాం."

అట్లాగే పోతే కారు నాది. కానీ పరాయి ఊరివాడి ముందు మా ఇంటి సింహం తలకిందులా! నాలో ముత్తాత లేచాడు. స్టీరింగ్‌ను ఎడమకు అర చుట్టు తిప్పి సింహాన్ని నిలబెట్టాను.

సింహం నిలబడింది. కారు రోడ్డు దిగింది.

ఎడమ పక్క ఖాళీ జాగాలో ఒక ముసలవ్వ ఉలవ కట్టె పరిచి, గింజలు రాలేట్టు తొక్కించడానికి ట్రాక్టరు కోసం ఎదురుచూస్తోంది. కారు దాని మీదికెక్కి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. స్టీరింగ్ తిప్పితే సింహం తల వంచుతుంది. బ్రేకు వేస్తే నేను తల వంచినట్టు. అందుకని రెండూ చేయకుండా, వెన్ను నిటారుగా పెట్టి, గానుగెద్దులా తిరిగాను.

"అయ్యగారూ, మిర్యాలగూడ ఇటేనాండీ?" అన్నాడు సాంబయ్య తలుపు గట్టిగా పట్టుకుని.

"ఇగ ఆపుండ్రి!" అని సుగుణ అరుస్తోంది. ఇంజనుకే నా మీద జాలి కలిగి ఆగిపోయింది. మళ్లీ ఎంత తిప్పినా లేవలేదు.

అవ్వ వంగి ఉలవలు దోసిట్లోకి తీసుకుని మురిసిపోయింది. కిటికీ దగ్గరికొచ్చింది.

"ట్రాక్టరు కంటె మంచిగ తొక్కినవ్ బిడ్డా. గా అంచుకు జర మిగిలింది, గది గూడ తొక్కు. గంటకు కిరాయెంత తీస్కుంటవ్?"

లక్ష్మీకాంతరావు గారి మునిమనవడు కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు. సుగుణ నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యేసి అంది: "పోనీ తియ్యుండ్రి. మీ సింహమైతే తల వంచలే."

ఆ లాల్చీ సాక్షిగా, దానికంటిన గ్రీజు మరక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ జన్మలోనూ చక్రాలు చూడకుండా స్టీరింగ్ బిగించను. భార్య ఒకటి చూసి చెబితే, ఇంకొకటి చూడమనను.

కారును కోదాడ సాంబయ్యకు అమ్మేశాం, సింహంతో సహా.